ఆరుబయట బండి, ఆరని తడి

(విశాఖపట్నంలో నైరుతి వానలకు ముందు ఒక కాలనీ సంక్షేమ సంఘం ఏర్పాటు చేసిన సమావేశంలో మోటార్ మెకానిక్ శిక్షకుడు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచి, పునరుక్తులు మాత్రం తీసేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. మొదట ఒక చిన్న ఓటింగ్. మీ బైకుకో స్కూటీకో పైకప్పు ఉన్న పార్కింగ్ ఎంతమందికి ఉందో చేతులెత్తండి. (కొన్ని చేతులు లేచాయి.) చూశారుగా, అంతే. సెల్లార్లు కార్లకు పోయాయి. అద్దెకుండేవాళ్లకు ఓనరుగారు గేటు బయట జాగా చూపిస్తారు. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లకు అదీ ఉండదు, రోడ్డు వారే గతి. అంచేత "షెడ్డులో పెట్టుకోండి, నీడలో పెట్టుకోండి" అనే సలహాలు ఇవాళ చెప్పను. అవి పుస్తకాల్లో ఉన్నాయి. ఎండకు ఎండి, వానకు తడిసే బండి గురించే మాట్లాడతాను.

చాలామంది అనుకునేదేమిటంటే, వాన పడితే బండి పాడవుతుందని. వానలో నడపడానికే బండి తయారుచేశారు. కంపెనీవాడు కొత్త మోడల్‌ను మార్కెట్లోకి తెచ్చేముందు నీళ్లు కొట్టి పరీక్షిస్తాడు. తడిసిన బండి రెండు గంటల్లో ఆరిపోతే దానికి ఏమీ కాదు. తడి ఎక్కడో ఒక మూల దాక్కుని రోజుల తరబడి ఆరకపోతే తుప్పు అక్కడ మొదలవుతుంది. కాబట్టి నా పాఠం మొత్తం ఆరబెట్టడం గురించి. కప్పడం దాని తర్వాత వస్తుంది.

మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, ధాన్యం సంగతి తెలిసే ఉంటుంది. కళ్లంలో రాశి తడిసిందనుకోండి. రైతు దాని మీద బరకం కప్పేసి ఇంటికి వెళ్లిపోతాడా? వెళ్లడు. వాన తెరిపివ్వగానే బరకం తీసి, రాశి విప్పి ఆరబోస్తాడు. తడి ధాన్యాన్ని కప్పి ఉంచితే లోపల ఆవిరి పట్టి, వేడెక్కి, ముక్కిపోతుంది, మొలకలొస్తాయి. మనవాళ్లు బండి దగ్గరికి వచ్చేసరికి ఇది మర్చిపోతారు. ఆఫీసు నుంచి వానలో తడుస్తూ వస్తారు. బురద కారుతున్న బండి మీద ప్లాస్టిక్ కవరు నిండా దించి, కింద తాడు బిగించి, "హమ్మయ్య" అనుకుని లోపలికి వెళ్లిపోతారు. పొద్దున కవరు ఎత్తి చూడండి. లోపలివైపు నీటి బిందువులు వేలాడుతుంటాయి. రాత్రంతా బండి ఆవిరిలో ఉడికిందన్నమాట. ఆ కవరు వెయ్యకపోతే బండి ఇంతకంటే బాగుండేది.

కవరు వద్దని నేను అనట్లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మన ఊరి శత్రువు గురించి చెప్పాలి, ఎందుకంటే మనది హైదరాబాద్ కాదు.

మన శత్రువు ఉప్పు. ఇనుము తుప్పు పట్టాలంటే గాలి, నీరు ఉంటే చాలు. ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ గ్రిల్లులు, ఏసీ బయటి పెట్టెలు ఎలా తినేసి ఉంటాయో మీరు చూస్తూనే ఉంటారు. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి వచ్చి బండి మీద సన్నగా వాలుతుంది. కంటికి కనబడదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు గాలిలోని నీటిని తనే లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, అది అంతకన్నా చాలా తక్కువ తేమకే చెమర్చుతుంది. మన ఊళ్లో తేమ 75 దాటడం వానాకాలంలో రోజువారీ వ్యవహారం. అంటే వాన పడకపోయినా సరే, సముద్రానికి దగ్గరగా పెదవాల్తేరులోనో సాగర్ నగర్‌లోనో బయట పెట్టిన బండి మీద కంటికి కనపడని ఉప్పు నీటి పొర ఉంటుంది. సముద్రానికి దూరంగా పెందుర్తి వైపు ఉండేవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సముద్రం దగ్గర బండిని వాన కడిగిపెడుతుంది. వాన నీటిలో ఉప్పు దాదాపు ఉండదు కదా, పైన పేరుకున్న ఉప్పును కొట్టుకుపోతుంది. మరి ఎక్కడ తుప్పు ఎక్కువ పడుతుంది? వాన తగలని చోట. ట్యాంకు అడుగున, మడ్గార్డు లోపలివైపు, సీటు కింద ఫ్రేము మీద, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కింది భాగంలో. అక్కడికి ఉప్పు గాలి వెళుతుంది, వాన వెళ్లదు, ఎండా వెళ్లదు. మీ బండిని ఒకసారి వంగి కింద నుంచి చూడండి. పైన తళతళలాడుతూ కింద ఎర్రగా ఉంటే కారణం ఇదే. బీచ్‌కు దగ్గరగా రేకుల షెడ్డులో పెట్టిన బండి కూడా అంతే. షెడ్డుకు గోడల్లేకపోతే ఉప్పు వస్తుంది, కడిగే వాన మాత్రం రాదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. వారానికి ఒకసారి మంచినీళ్లతో, కింద నుంచి పైకి, ఆ మరుగు చోట్లన్నీ తడిసేలా కడగడమే. మంచినీళ్లు అంటే జీవీఎంసీ, అదే మన నగరపాలక సంస్థ, కుళాయి నీళ్లు. సముద్రం పక్క వీధుల్లో కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, నోట్లో వేసుకుంటేనే తెలుస్తుంది. ఆ నీళ్లతో కడిగితే మనమే ఉప్పు పూసినట్టు. ఓడరేవు వైపు, ఫ్యాక్టరీల వైపు ఉండేవాళ్లకు నల్లటి దుమ్ము కూడా పడుతుంది. దాన్ని పొడిగుడ్డతో తుడవకండి, పెయింటు గీతలు పడుతుంది. నీళ్లు పోసి వదలగొట్టాలి. కడిగాక ఊరికే వదిలెయ్యకుండా ఒక రౌండు తిరిగి రండి. గాలికి సగం ఆరుతుంది, ఇంజిన్ వేడికి మిగతా సగం ఆరుతుంది.

వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ పెట్టి కొట్టిస్తారు చూడండి, అది బురద వదలడానికి బాగుంటుంది. కానీ కుర్రాడు ఆ గన్నును చక్రం బేరింగుల మీద, హ్యాండిల్ స్విచ్చుల మీద, సీటు కింద వైర్లు కలిసే కప్లర్ల మీద పెడితే వాన ఏడాదంతా చెయ్యలేని పని నిమిషంలో చేసిపెడతాడు. వాన నీరు పైనుంచి జారుతుంది. గన్ను నీరు సీలు దాటి దూరుతుంది. "అక్కడ వద్దు బాబూ" అని పక్కన నిలబడి చెప్పండి. ఇక డీజిల్ వాష్. అది అసలు వద్దు. ఆ పూటకు మెరుపు వస్తుంది, రబ్బరు భాగాలు ఉబ్బి మెత్తబడతాయి, పైగా ఆ జిడ్డుకు ఊళ్లో దుమ్మంతా అంటుకుంటుంది. వాడి తీసేసిన ఇంజిన్ ఆయిలు కింద పూసేవాళ్లు కూడా ఉన్నారు, అదీ అంతే.

ఇప్పుడు జాగా. బయట పెట్టేవాళ్లకు ఎంపిక తక్కువే, అయినా రెండడుగుల తేడాతో చాలా మారుతుంది. మట్టి నేల మీద వద్దు. వాన తగ్గాక రాత్రంతా తడి మట్టి ఆవిరి వదులుతూనే ఉంటుంది, అది నేరుగా ఇంజిన్ కిందికి, సైలెన్సర్‌కు తగులుతుంది. తప్పనిసరైతే ఒక నాపరాయి బండో, పాత చెక్కో చక్రాల కింద, స్టాండు కింద వెయ్యండి. స్టాండు దిగబడి బండి పడిపోయే బాధ కూడా తప్పుతుంది. గోడ పక్కన పెట్టేటట్టయితే ఏ గోడో చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా జల్లు ఎక్కువగా పడమటి వైపు నుంచి వస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్యం నుంచి, సముద్రం మీద నుంచి కొడుతుంది. అంటే దసరాకు బండి గోడ మారాలి. చెట్టు కింద నీడ బాగుంటుంది గానీ, వాన ఆగాక కూడా చెట్టు గంటసేపు కురుస్తూనే ఉంటుంది. కాకి రెట్ట పడితే వెంటనే తడిగుడ్డతో తీసెయ్యాలి, ఎండితే పెయింటు మీద మచ్చ మిగిలిపోతుంది. కొబ్బరి చెట్టు కింద మాత్రం ఏ కాలంలోనూ పెట్టకండి, దానికి నా పాఠం అక్కర్లేదు. (నవ్వులు)

కవరు దగ్గరికి వద్దాం. మార్కెట్లో చవకగా దొరికే వెండి రంగు కవర్లు ఉన్నాయి. ఒక సీజను ఎండకు లోపలి పూత పొట్టు రాలుతుంది, ఆ తర్వాత అది నీరు ఆపదు, గాలి కూడా ఆడనివ్వదు, రెండు విధాలా చెడ్డది. కొనేటప్పుడు రెండు చూడండి: పై భాగంలో గాలి పోవడానికి రెండు పక్కలా జాలీ ఉన్న కిటికీలు, కింద చక్రాల దగ్గర పట్టీ. పట్టీ ఎందుకంటే, గాలికి టపటపా కొట్టుకునే కవరు దుమ్ముతో కలిసి గరుకు కాగితంలా పనిచేస్తుంది. ట్యాంకు అంచుల్లో పెయింటు అరిగిపోయి ఇనుము బయటపడుతుంది, తుప్పుకు తలుపు తెరుచుకుంటుంది. కవరును నేల దాకా దించకండి. కింద జానెడు ఖాళీ ఉంచితే గాలి కింద నుంచి లోపలికి వచ్చి పై కిటికీల గుండా పోతుంది. సైలెన్సర్ వేడి తగ్గడానికి అరగంటైనా ఆగి అప్పుడు కప్పండి, లేకపోతే కవరు కరిగి సైలెన్సర్‌కు అంటుకుని ఆ మరక జన్మలో పోదు.

నన్నడిగితే కవరు కంటే పందిరి మేలు. ఓనరుగారు ఒప్పుకుంటే నాలుగు పైపులు పాతి, పైన ఏటవాలుగా రేకో, గట్టి టార్పాలినో కట్టండి. అది బండికి తగలకూడదు. మీద వాన పడదు, చుట్టూ గాలి ఆడుతుంది. బీచ్ దగ్గరైతే వారం వారం కడగడం మాత్రం మానొద్దు, ఆ ఉప్పు సంగతి ఇందాక చెప్పాను. కవరైనా పందిరైనా తెరిపి ఇచ్చిన రోజున బండిని ఎండలోకి తీసుకురండి. సీటు తీసి నిలబెట్టండి. సీటు కుట్ల గుండా నీరు లోపలి ఫోముకు దిగుతుంది, పైన రెగ్జిన్ పొడిగా కనపడుతుంది, మీరు కూర్చోగానే ప్యాంటు తడుస్తుంది. అలా రోజుల తరబడి నానితే సీటు అడుగు రేకు తుప్పు పడుతుంది. వానలో ఆ సీటుకు పాలిథిన్ సంచి తొడగడం మంచిదే, వాన ఆగాక తియ్యడం గుర్తుంటే.

ఇప్పుడు మీరెవరూ చూసి ఉండని ఒక చోటు చూపిస్తాను. ట్యాంకు మూత.

మీ బండికి మూత ట్యాంకు పైభాగంతో సమానంగా, లోపలికి దిగి ఉన్న రకం అయితే, వాన నీరు మూత చుట్టూ ఉన్న గాడిలో నిలుస్తుంది. ఆ నీరు పోవడానికి గాడిలో ఒక చిన్న రంధ్రం పెడతారు. దాని నుంచి సన్నటి గొట్టం ట్యాంకు లోపలి గుండా కిందికి దిగి, బండి అడుగున బయటికి వస్తుంది. దుమ్ము, ఆకు ముక్కలు, కారిన పెట్రోలు జిడ్డు కలిసి ఈ రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడు గాడిలో నీరు నిండుతుంది, మూత రబ్బరు పాతదైతే మెల్లగా ట్యాంకులోకి దిగుతుంది. "వానలో పెట్టానండీ, పొద్దున స్టార్టవట్లేదు" అని వచ్చే బళ్లలో ఒక రకం ఇది. ప్లగ్గు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, సంగతి మూత దగ్గర ఉంటుంది. ఎలా చూడాలంటే, మూత తెరవండి, పెట్రోలు పోసే నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. డ్రాపరుతో ఆ చిన్న రంధ్రంలో నాలుగు చుక్కల నీళ్లు వెయ్యండి. కింద నుంచి కారితే సరే. కారకపోతే దళసరి గాలం దారం ఒక జానెడు ముక్క తీసుకుని మెల్లగా పొడవండి. మన ఊళ్లో దానికి కొరతేముంది. ఇనుప తీగ వాడొద్దు, లోపలి గొట్టం చిల్లి పడితే ఆ నీరు నేరుగా ట్యాంకులోకే పోతుంది.

ఇది ఇదివరకటి కన్నా ఇప్పుడు ఎక్కువ ముఖ్యం. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతా వచ్చేసింది. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. కొద్దిపాటి నీటిని తనలో కలుపుకుంటుంది, అంతవరకు ఇబ్బంది లేదు. ఒక హద్దు దాటిందా, ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు పెట్రోలు వెళ్లేది ట్యాంకు అడుగు నుంచే. కాబట్టి ఎక్కువ రోజులు నిలబెట్టే బండికి ట్యాంకు నిండా పోయించండి. ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే అంత తేమగాలి చేరి, రాత్రి చల్లబడినప్పుడు లోపలి గోడలకు చెమ్మ కడుతుంది. నిండా ఉంటే ఆ గాలికి చోటుండదు.

సైలెన్సర్ దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. బండి తియ్యడం లేదు కదా అని రోజూ పొద్దున స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఉంచి ఆపేస్తారు, బండికి మంచిదని. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అవును, లీటరుకు లీటరు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటే అది ఆవిరిగా బయటికి పోతుంది. రెండు నిమిషాల్లో సైలెన్సర్ చివరిదాకా వేడెక్కదు. ఆ ఆవిరంతా లోపలే చల్లబడి, నీరై, అడుగున నిలుస్తుంది. పొద్దున పొద్దున ఒక చెంచా నీళ్లు పోస్తున్నారన్నమాట, లోపల నుంచి. పైగా సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి పోయింది ఆ రెండు నిమిషాల్లో తిరిగి రాదు. స్టార్ట్ చేస్తే పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి రండి. లేదంటే ముట్టుకోకండి.

చాలా సైలెన్సర్లకు అడుగున, వెనక వైపు అగ్గిపుల్ల మందం రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ నీరు కారిపోవడానికే అది. కొందరు "సైలెన్సర్ చిల్లు పడింది" అని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి మూయిస్తారు. ఆ తర్వాత ఏడాదికి అక్కడే పెద్ద చిల్లు పడుతుంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో ఆ మెరిసే రాడ్డు మీద గోరు పెట్టి పై నుంచి కిందికి గీయండి. నున్నగా జారాలి. ఎక్కడైనా గోరుకు ఇసుక రేణువులా తగిలితే తుప్పు చుక్క పడిందన్నమాట. చూడ్డానికి ఆవగింజంత ఉంటుంది. గోతిలో పడి ఫోర్కు దిగిన ప్రతిసారీ ఆ చుక్క ఆయిలు సీలును కోస్తుంది. కొన్నాళ్లకు ఫోర్కు ఆయిలు కారి, ముందు డిస్కు మీద పడి, బ్రేకు పట్టదు. సీలు మార్చినా లాభం లేదు, రాడ్డు మార్చాలి, లేదా మళ్లీ క్రోమ్ పూత వేయించాలి. ఇదంతా తప్పాలంటే వారానికి ఒకసారి మెత్తటి గుడ్డకు చుక్క ఆయిలు అద్ది రాడ్డు తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిస్తే సరిపోతుంది. కొన్ని బళ్లకు ఈ రాడ్ల మీద రబ్బరు తొడుగులు ఉంటాయి. అవి ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. వాటిని పైకి లాగి చూడండి, లోపల చెమ్మ పట్టి కింద అంచున తుప్పు గీత ఉంటుంది. నేను చెప్పే కవరు కథే ఇక్కడ కూడా.

చైను గురించి మీకు తెలిసిందే ఎక్కువ. వానలో తిరిగొచ్చాక, చైను కాస్త వెచ్చగా ఉండగానే, లోపలి వైపున చైను ల్యూబ్ (కందెన) వెయ్యండి. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్లను పెట్రోలుతో కడగొద్దు. నీటిని తరిమే స్ప్రే డబ్బాలు వస్తాయి కదా, వాటితో తడి వదులుతుంది గానీ అవి చైనుకు ల్యూబ్ కావు. అది కొట్టి, ఆరాక, అసలు ల్యూబ్ వేసుకోవాలి.

బ్రేకులు. రాత్రి వాన పడితే డిస్కు మీద పొద్దున నారింజ రంగు పొర కనిపిస్తుంది. టెన్షన్ పడకండి, రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. దాని మీద ఆయిలు గానీ స్ప్రే గానీ కొట్టారో, ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. డ్రమ్ము బ్రేకులున్న బళ్లు కొన్నాళ్లు తడిలో ఉంటే వెనక చక్రం పట్టేస్తుంది. గేరు వేసి రేజు చెయ్యకుండా, న్యూట్రల్‌లో ముందుకూ వెనక్కూ ఊపండి, టక్కున విడిపోతుంది. బ్రేకు ఫ్లూయిడ్ కూడా గాలిలోని తేమను పీల్చేదే, రెండేళ్లకోసారి మార్పించండి.

వైరింగ్ గురించి ఒక్క మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధనలు) వచ్చాక చిన్న బళ్లలో కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు, చిన్న కంప్యూటరు వచ్చేశాయి. పాత కార్బురేటర్ బండి ఒక ప్లగ్గు తుడిస్తే కదిలేది. ఇప్పుడు ఒక కప్లరులో పచ్చటి చిలుము పడితే బండి మొత్తం ఆగుతుంది. వానలకు ముందు సర్వీసులో మెకానిక్‌ను అడిగి కప్లర్లు విప్పించి, తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టించండి. బ్యాటరీ టెర్మినళ్లకు వేజలిన్ చాలు. కవరు కింద పొడిగా, వెచ్చగా ఉంటుంది కాబట్టి ఎలుకలు చేరతాయి, వైర్లు కొరుకుతాయి. వారం పది రోజులు తియ్యని బండిని కీ తిప్పేముందు సీటు ఎత్తి ఒకసారి చూసుకోండి.

తుపాను సంగతి ఈ ఊరివాళ్లకు నేను చెప్పడమా. 2014 అక్టోబర్ 12 ఆదివారం, హుద్‌హుద్. మీలో చాలామందికి గుర్తుంది. తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్లింది. గాలి ఒక వైపు నుంచి కొట్టి, కాసేపు నిశ్శబ్దమై, మళ్లీ ఎదురు వైపు నుంచి కొట్టింది. గోడ చాటున భద్రంగా ఉన్నాయనుకున్న బళ్లు రెండో విడతలో పడ్డాయి. కాబట్టి హెచ్చరిక వస్తే కవరు తీసెయ్యండి. ఆ గాలికి అది తెరచాపై బండినే లాగేస్తుంది. ఇంట్లోకి ఎక్కించే వీలుంటే మొహమాటపడకుండా హాల్లోకి ఎక్కించండి. లేదంటే మెయిన్ స్టాండు వేసి, ముందూ వెనకా రెండు చోట్ల గట్టి స్తంభానికి కట్టండి. గాలి తగ్గాక మొట్టమొదట చెయ్యాల్సింది మంచినీళ్లతో కడగడం. ఆ గాలి మోసుకొచ్చిన ఉప్పు నీరు ఇంతింత కాదు.

నీట మునిగిన బండి వేరే విషయం. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఎన్ని బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో టీవీల్లో చూశారు. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టకండి, కిక్కు కొట్టకండి, కీ కూడా తిప్పకండి. సిలిండర్‌లో నీరు ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, బండిని నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయిలు దింపి, ఎయిర్ ఫిల్టర్ విప్పి, ప్లగ్గు తీసి చూస్తారు. ఆయిలు తెల్లబారి ఉంటే లోపలికి నీరు వెళ్లినట్టే. ఫోటోలు తీసి ఇన్సూరెన్స్‌వాళ్లకు ముందే చెప్పండి. ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టం రాదు. సొంత బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ఉన్నా, మునిగాక మీరే స్టార్ట్ చేసి ఇంజిన్ పోగొట్టుకున్నారని తేలితే ఆ భాగానికి పేచీ పెడతారు. చాలామంది గొడవ అక్కడే వస్తుంది.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

*ప్రశ్న: మాస్టారూ, నేను షిప్పులో పనిచేస్తాను. ఎక్కితే ఆరు నెలలు రాను. బండి ఇంటి ముందే ఉంటుంది. ఏం చెయ్యాలి?*

ఈ ఊళ్లో ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి. బాబూ, వెళ్లే రెండు రోజుల ముందు మొదలుపెట్టండి. కడిగి, తిరిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఇంజిన్ ఆయిలు మార్పించండి, పాత ఆయిలులో తేమ, ఆమ్లాలు ఉంటాయి, ఆరు నెలలు దానితో ఉంచకూడదు. ట్యాంకు నిండా పెట్రోలు. కార్బురేటర్ బండైతే కార్బురేటర్‌లోది దింపెయ్యండి. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టండి, విప్పేటప్పుడు నెగటివ్ ముందు. ఇంట్లోవాళ్లతో నెలకోసారి ఛార్జ్ చేయించండి. ప్లగ్గు విప్పి ఒక చెంచా ఇంజిన్ ఆయిలు వేసి, కిక్కు మెల్లగా రెండుసార్లు తొక్కి మళ్లీ బిగించండి, సిలిండర్ గోడలకు పూత పడుతుంది. సైలెన్సర్ నోట్లో గుడ్డ కుక్కండి, ఆ గుడ్డ ఎర్ర రంగుదైతే మంచిది, తిరిగొచ్చాక కనపడుతుంది. మెయిన్ స్టాండు. ఇక అసలు మాట: మీ తమ్ముడో, బావమరిదో ఎవరో ఒకరు ఎండ కాసిన ఆదివారాల్లో కవరు తీసి సాయంత్రం మళ్లీ వెయ్యాలి. స్టార్ట్ చెయ్యమని మాత్రం చెప్పకండి.

*ప్రశ్న: స్కూటీకి కూడా ఇవే వర్తిస్తాయా సార్?*

చాలావరకు వర్తిస్తాయమ్మా. చైను లేదు, దాని బదులు బెల్టు ఉంటుంది. నిలిచిన నీళ్లలోంచి నడిపితే బెల్టు పెట్టెలోకి నీరు వెళ్లి బెల్టు జారుతుంది, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఆగి కాసేపు ఆరనిస్తే సర్దుకుంటుంది. నేల పలక ఉంటుంది కదా, కాళ్లు పెట్టేది, దాని మీది రబ్బరు మ్యాటు నెలకోసారి ఎత్తండి. దాని కింద ఎప్పుడూ బురద, నీరు నిలిచే ఉంటాయి. స్కూటర్లకు మొదట తుప్పు పట్టేది అక్కడే, అందరూ చివర చూసేదీ అదే.

*ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ స్కూటర్. ఐపీ67 అని రాసి ఉంది, వానలో వదిలెయ్యొచ్చా?*

ఐపీ67 అంటే ఆ భాగాన్ని మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు రాదని పరీక్షించారన్నమాట. ఏ భాగానికి రాశారో చూడండి, సాధారణంగా బ్యాటరీకి, మోటారుకు ఇస్తారు. బండి మొత్తానికి కాదు. స్క్రీను, స్విచ్చులు, ఛార్జింగ్ పోర్టు మూత వేరే లెక్క. వానలో నిలబెట్టడం పర్వాలేదు. ఛార్జింగ్ మాత్రం తడిలో వద్దు. ఛార్జరు, పొడిగింపు వైరు, గోడ సాకెట్టు వీటికి బండి మీది ఐపీ67 వర్తించదు, కిందికి వైరు వేలాడదీసి బాల్కనీలోంచి ఛార్జ్ చేసేవాళ్లు ముఖ్యంగా వినండి. పోర్టు ఆరిందని చూసుకుని, ఎర్తింగ్ ఉన్న సాకెట్టుకే పెట్టండి.

ఇంకెవరికైనా సందేహాలుంటే కిందికి వచ్చెయ్యండి. గేటు దగ్గర నాలుగైదు బళ్లున్నాయి, మూత గాడిలో రంధ్రం ఎక్కడుందో అక్కడే చూపిస్తాను. ఎవరి దగ్గరైనా డ్రాపరు ఉంటే పట్టుకురండి.